ఆకు రాలకముందే

అక్టోబరు రెండోవారం.
కెంపెన్ ఇసుకనేల మీద గాలి
ఇంకా మనసు మార్చుకోలేదు.
అది మార్చుకునేలోపు కోసెయ్యాలి.

ఇక్కడి విల్లోలకి ఒకటే కట్టడి:
ఆకు నేల రాలకూడదు.
మూడేళ్ళుగా వేళ్ళు తోడిపోసిన కాడ్మియం
కొమ్మలో కొంత, ఆకులో మరింత.
రాలిందా,
తీర్చిన బాకీ మళ్ళీ పద్దుకెక్కినట్టే.
కోత లేని ఏళ్ళలో చెట్ల కింద వలలు పరుస్తాం,
చేపలు పైనుంచి పడతాయన్నట్టు.

నేను తూకం మనిషిని.
నాకంటే ముందే వానెస్ వచ్చి గట్టున నిలబడ్డాడు.
ఎనభై రెండేళ్ళు, రబ్బరు బూట్లు,
నూనె రాసిన కత్తెర.
యంత్రం వస్తుందని తెలుసు.
"మూలలు దానికి అందవు" అంటాడు.
ప్రతిసారీ అదే మాట. ప్రతిసారీ నిజమే.

ఈ చేలోకి వచ్చే దారి అతను పోసిందే.
జింకు ఫ్యాక్టరీ కొలిమి దగ్గర ముప్పై మూడేళ్ళు;
శనివారం సాయంత్రం తోపుడుబండి నిండా బూడిద,
అడిగినవాడికి అడిగినంత, ఊరికే.
గుమ్మం నుంచి కోళ్ళగూటి దాకా
నల్లగా, గట్టిగా, వానొస్తే మెరుస్తూ
బురదంటని దారి.
వీధి వీధంతా కుళ్ళుకుంది.
పెళ్ళినాడు గోడెలీవ తెల్లచెప్పులతో నడిచిందీ దాని మీదే.
పక్కనే లీక్ నారు పోసింది, పాలకూర చల్లింది.
బావినీళ్ళు పెట్టింది.
పండింది పిల్లలకి వడ్డించి
మిగిలింది తను తింది.

అరవై దాటేసరికి ఎముకలు సుద్దముక్కలు.
ఒక రాత్రి దగ్గితే పక్కటెముక విరిగింది.
కూరగాయలు ఎక్కడివని డాక్టరు అడిగితే
"కొనడమెందుకు, అన్నీ మా పెరటివే" అంది
గర్వంగా.

యోరిక్ మట్టిలెక్కల కుర్రాడు.
ఇనప గొట్టాలతో, అంకెల స్టిక్కర్లతో వస్తాడు.
వేళ్ళు ఎందుకు తాగుతాయో అతనే చెప్పాడు:
జింకు అనుకుంటాయట.
కావలసినదే అనుకుని
కాడ్మియానికి తలుపు తీస్తాయట.
వానెస్ టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు.
"మా గోడెలీవ కూడా అంతే" అన్నాడు, ఎవరితోనో.

తర్వాత అడిగాడు, ఎన్నాళ్ళు పడుతుందని.
కుర్రాడు నేల చూశాడు, ఫోను చూశాడు.
"యాభై ఏళ్ళు. పైపొర వరకే.
కాస్త ముందే కూడా అవ్వొచ్చు."
"నాకు రెండు శనివారాలు పట్టింది,
పోయడానికి."

యంత్రం వచ్చింది.
మొన్నటి మోళ్ళు ఇవి;
కోసిన మరుసటి వేసవికే మనిషిని దాటాయి,
ఇప్పుడు ఇంటికప్పును దాటాయి.
ఇంత తొందరగా పెరిగేదేదైనా
మంచికే పెరగడం నేను చూసింది ఇక్కడే.
పచ్చిఆకుతో సహా వరసలకు వరసలు
నమిలి లారీలో ఉమ్ముతోంది.
పొగ బయటికి పోని బాయిలర్‌కి తీసుకెళ్తారు.
మిగిలిన బూడిద, పీపాల్లో మూతవేసి,
అదే ఫ్యాక్టరీకి.
పుట్టింటికి పంపినట్టు, సారె లేకుండా.

మూలలో వానెస్ వంగున్నాడు.
ఎడమ అరచేతిలో గీతల్లేవు, నున్నటి మచ్చ,
కొలిమి నొక్కిన ముద్ర.
చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాడు.
నవ్వేవాళ్ళు నవ్వచ్చు.
ఇన్నేళ్ళుగా ఈ సామెత చెప్పినవాళ్ళలో
కాలిన చేతులు నేనెవరికీ చూడలేదు.

లారీ కదిలాక
బూటు అడుగున అంటుకున్న ఒక ఆకు కనిపించింది అతనికి.
కంచె పట్టుకుని, ఒంటికాలిమీద నిలబడి,
గోటితో జాగ్రత్తగా వొలిచి
నా తక్కెడలో పెట్టాడు.
"ఇదీ రాసుకో."

తక్కెడ సున్నా చూపించింది.
అతను చూస్తున్నాడు.
నేను రాసుకున్నాను.